తూకానికి వేసే ముందు

కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక యుద్ధ విమానం ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిసింది. ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చెప్పడానికని 1947 ప్రాంతంలో ఇచ్చిన హరికేన్ అది. పాఠాలు మారాయి, జెట్ విమానాలు వచ్చాయి, హరికేన్‌ను పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. ఒంటి మీది గుడ్డ చిరిగింది, కొయ్య పుచ్చింది, లోపలి ఉక్కు గొట్టాలూ ఇంజనూ మిగిలాయి. పాత రోల్స్‌రాయిస్ కార్ల కోసం మన దేశం తిరుగుతున్న పీటర్ వాచర్ అనే ఇంగ్లిష్ ఆయన 1982లో దాన్ని చూశాడు. పట్టిన పట్టు వదలకుండా వెంటబడితే 2001లో గానీ అది ఆయన చేతికి రాలేదు. 2004 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో మళ్ళీ గాల్లోకి లేచింది.

దాని నంబరు ఆర్ 4118. ఆ నంబరే లేకపోతే అది ఉత్త తుక్కు. 1940లో జర్మన్ విమానాలు బ్రిటన్ మీద విరుచుకుపడినప్పుడు 605 స్క్వాడ్రన్ తరఫున ఈ హరికేన్ 49 సార్లు పోరుకు లేచింది. అయిదు శత్రు విమానాలను కూల్చిన లెక్క దాని పేరిట ఉంది. ఇదంతా ఎలా తెలిసిందంటే, బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ ప్రతి విమానానికీ ఒక కార్డు రాసేది. ఏ యూనిట్‌కు వెళ్ళింది, ఎప్పుడు దెబ్బతింది, ఎప్పుడు ఓడెక్కింది, అన్నీ అందులో ఉంటాయి. స్క్వాడ్రన్ రోజువారీ దస్తరం వేరే ఉంటుంది, పైలట్ల లాగ్‌బుక్కులు వేరే ఉంటాయి. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఫలానా రోజున ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో చెప్పొచ్చు. అలా కూర్చున్నవాళ్ళలో బాబ్ ఫోస్టర్ అనే పైలట్ అప్పటికి బతికే ఉన్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడిగా తాను నడిపిన విమానం మళ్ళీ ఎగరడం కళ్ళారా చూశాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా నా స్నేహితుల్లో సగం మంది, ‘చూశావా, మన సొత్తు వాడెత్తుకుపోయాడు’ అంటారు. నేనలా అనుకోను. అర్ధ శతాబ్దం పైగా అది మన కళ్ళ ముందే ఉంది. ఎవరూ దొంగతనంగా ఎత్తుకుపోలేదు, అడిగి, బేరమాడి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని తీసుకెళ్ళారు. ఆయన రాకపోయి ఉంటే ఏదో ఒక వేలంలో కిలోల లెక్కన పోయేది. పోయిందని బాధపడటం కన్నా, ఇంకా ఏమేం పోవడానికి సిద్ధంగా ఉన్నాయో చూసుకోవడం మంచిదంటాను. ఈ వ్యాసం అందుకే.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సికింద్రాబాద్ అల్వాల్‌లో ఉంటాను. పెన్షన్ డబ్బుల్లో కొంత రాణిగంజ్ తుక్కు దుకాణాల్లో, జుమేరాత్ బజార్‌లో ఖర్చవుతుందని మా ఆవిడ ఫిర్యాదు. అందులో అబద్ధమేమీ లేదు. విదేశాల్లో ఈ పాత విమానాల సరదా కోటీశ్వరుల వ్యవహారం. ఫ్రాన్స్‌లో కలే దగ్గర సముద్రపు ఇసుకలో 1940 మే నెలలో దిగబడి, నలభై ఏళ్ళ తర్వాత బయటపడిన పి 9374 అనే స్పిట్‌ఫైర్‌ను బాగుచేసి ఎగరేశాక, 2015లో లండన్ వేలంలో 31 లక్షల పౌండ్లు పలికింది. నా బోటివాడికి విమానమెక్కడిది? డయళ్ళు, స్విచ్చులు, కాక్‌పిట్ ముక్కలు, ఎప్పుడైనా ఒక అల్యూమినియం రేకు. అంతే.

అయినా ఒక్క ఆల్టీమీటర్ చాలు, ఒక చలికాలం గడిచిపోవడానికి. పాత బ్రిటిష్ ఆల్టీమీటర్ ముఖం మీద మూడు ముళ్ళుంటాయి. ఒకటి వందల అడుగులకు, ఒకటి వేలకు, ఇంకోటి పదివేలకు. కింద చిన్న కిటికీలో గాలి ఒత్తిడి అంకెలు. వెనక మూత తీస్తే లోపల పల్చటి లోహపు డబ్బీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటిలో గాలి ఉండదు. బయటి ఒత్తిడి తగ్గితే అవి వెంట్రుకవాసి ఉబ్బుతాయి. ఆ వెంట్రుకవాసిని మీటలూ పళ్ళచక్రాలూ పెంచి పెంచి ముల్లును తిప్పుతాయి. ఎనభై ఏళ్ళ తర్వాత దాన్ని తెరిస్తే సాధారణంగా కనిపించేవి మూడే: రాయిలా బిగిసిన రబ్బరు వాషర్, జిగురుగా మారిన నూనె, ఇరుసు కొనల దగ్గర తుప్పు. డబ్బీకి చిల్లు పడితే మాత్రం నేను ముట్టుకోను. దాన్ని దానిలాగే మూసి, చిల్లు ఎక్కడుందో కాగితం మీద రాసి లోపల పెడతాను. పనిచేయని వస్తువును పనిచేస్తున్నట్టు చూపించడం నాకు గిట్టదు.

ఇక్కడో హెచ్చరిక. ఆ కాలపు డయళ్ళ మీద చీకట్లో మెరిసే అంకెలకు రేడియం కలిపిన రంగు పూశారు. ఇప్పుడు అవి మెరవవు కాబట్టి ప్రమాదం పోయిందనుకుంటారు చాలామంది. మెరుపు పోయింది రంగులోని జింక్ సల్ఫైడ్ అలిసిపోవడం వల్ల. రేడియం సగానికి తగ్గడానికి సుమారు 1600 ఏళ్ళు పడుతుంది. అంకెలు ఎండి పొడిలా రాలుతున్న డయల్‌ను తెరవకండి, గీకకండి, పడకగదిలో అలంకారంగా పెట్టకండి. నావి డాబా మీద గాలి ఆడే గదిలో, తాళం వేసిన బీరువాలో ఉంటాయి. మనవలకు అటు ప్రవేశం లేదు.

పాలిష్ గురించి కూడా చెప్పాలి. జుమేరాత్ బజార్‌లో ఒక దుకాణదారు దగ్గర గజం వెడల్పు రేకు చూశాను. వంపు తిరిగిన నీలిరంగు పట్టీ, దాని లోపల తెలుపు. ‘లారీ బోర్డు అనుకున్నా సార్, మీరు విమానం అంటున్నారు. రేపు రండి, వైర్ బ్రష్ కొట్టి తళతళలాడించి ఉంచుతా’ అన్నాడు. ‘నీ పుణ్యముంటుంది, ముట్టుకోకు నాయనా’ అని అప్పటికప్పుడే కొనుక్కున్నాను. తూకానికి తేలిక కాబట్టి ఎక్కువేమీ అడగలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే, తెల్లరంగు పెచ్చులూడిన చోట అడుగున ఎరుపు. బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తులో మధ్యన ఎర్రచుక్క ఉండేది. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యబింబం. 1942లో మన తూర్పు సరిహద్దులో ఆ రెండూ కలగాపులగమై సొంతవాళ్ళే కాల్చుకునే ప్రమాదం వచ్చి, ఎర్రచుక్కను చెరిపేయమన్నారు. ఏదో ఒక ఏరోడ్రోమ్‌లో ఎవరో ఒక మెకానిక్ కుంచె పట్టుకుని పూసిన తెలుపు అది. కుంచె వెంట్రుక ఒకటి రంగులో అతుక్కుని అలాగే ఉంది. వైర్ బ్రష్ పడితే అయిదు నిమిషాల్లో అదంతా అద్దంలాంటి అల్యూమినియం రేకయ్యేది. దాని విలువ పెరిగిందని కూడా అనుకునేవాళ్ళు.

ఈ సరదా ఉన్నవాళ్ళలో రెండు తెగలున్నాయి. ఒకళ్ళు కొత్తదానిలా చేయాలంటారు, ఇంకొకళ్ళు ఉన్నది ఉన్నట్టు నిలపాలంటారు. నేను రెండో తెగ. నంబరు పలక ఒక్కటి అసలుది పెట్టుకుని, చుట్టూ విమానమంతా కొత్తగా కట్టి ‘1940 నాటిది’ అని అమ్మేవాళ్ళు ఐరోపాలో ఉన్నారు. ఎగరాలంటే కొత్త లోహం వెయ్యక తప్పదు, ఒప్పుకుంటాను. ఏది పాతదో ఏది కొత్తదో రాసి పెడితే నాకే తగువూ లేదు.

‘అదంతా తెల్లవాళ్ళ యుద్ధం, మనకెందుకు’ అనే మాట తరచూ వింటాను. హైదరాబాద్‌లో కూర్చుని ఈ మాట అనేవాళ్ళకు లండన్‌లోని ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్) మ్యూజియం సంగతి చెబుతాను. అక్కడ ఒక డీహెచ్ 9ఏ బాంబర్ ఉంది. నంబరు ఎఫ్ 1010. మొదటి ప్రపంచ యుద్ధంలో 110 స్క్వాడ్రన్ విమానాలన్నిటికీ డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. విమానం మీద ఆ దాత పేరు రాశారు. స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరిపోయింది. ఈ ఎఫ్ 1010 జర్మనీ మీద దాడికి వెళ్ళి 1918 అక్టోబర్ 5న శత్రువు చేతికి చిక్కింది. జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బాంబుల భయానికి పోలండ్‌కు తరలించారు. రెక్కలు ఎక్కడో పోయాయి. చివరికి 1977లో క్రాకోవ్ మ్యూజియంవాళ్ళకు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి ఆర్ఏఎఫ్ మ్యూజియం దీన్ని తెచ్చుకుంది. రెక్కలు కొత్తగా కట్టుకున్నారు. మన ఊరి సొమ్ముతో తయారై, మూడు దేశాలు తిరిగి, ఒక స్పిట్‌ఫైర్ ఖరీదు చేసిన విమానమది. దాని మీద నిజాం పేరుంది. శిస్తు కట్టిన రైతు పేరు ఎలాగూ ఉండదు, కనీసం అతని మనవలకైనా ఈ సంగతి తెలియాలి కదా.

రెండో యుద్ధంలో అదే 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ విమానాలు, యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద దాడికి వెళ్ళాయి. 152 స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. దాని చిహ్నం నిజాం తలపాగా. బ్రిటన్ ఆకాశంలో పోరాడిన ఆ స్పిట్‌ఫైర్ దళం తర్వాత బర్మా యుద్ధానికి వచ్చింది. చార్మినార్ మీద ఎన్నో పుస్తకాలున్నాయి. ఈ తలపాగా గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం చదివిన గుర్తు నాకు లేదు.

ఇక కోస్తావాళ్ళకు వేరే చెప్పాలా? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమాన వాహక నౌక ర్యుజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. అప్పటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. దొనకొండలో, గన్నవరంలో ఏరోడ్రోములు ఆ యుద్ధకాలంలో వెలిసినవే. అక్కడ విమానాలు దిగాయి, ఎగిరాయి, విరిగాయి. విరిగిన ముక్కలు ఎక్కడికి పోతాయి? పశువుల కొట్టానికి తలుపుగా, నీళ్ళ తొట్టిగా, అటక మీద అర్థం కాని ఇనప సామానుగా ఊళ్ళోనే మిగులుతాయి. అరుణాచల్ కొండల్లో కూలిన అమెరికన్ విమానాల లోహంతో అక్కడివాళ్ళు కత్తులూ గిన్నెలూ చేసుకున్నారు. అందులో తప్పేముంది? బతికేవాళ్ళు దొరికినదాన్ని వాడుకుంటారు. చదువుకున్న సంస్థల సంగతే నాకు మింగుడుపడదు.

ఈ మధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి కబురొచ్చింది. పేరు చెప్పను. స్టోర్‌రూమ్‌లో పాత విమానం ఇంజన్ ఉంది, సిలిండర్లు కోసి లోపల కనబడేట్టు చేసిన పాఠాల ఇంజన్, కండెమ్ చేస్తున్నారు, చూస్తారా అని. వెళ్ళేసరికి వేలం అయిపోయింది, లారీ వెళ్ళిపోయింది. గోడకు తగిలించిన ఒక ఇత్తడి పలక మాత్రం ఎవరి కంటా పడక మిగిలింది. ఇంజన్ నంబరు దాని మీదే ఉంది. ఇంజన్ లేదు. స్టాక్ రిజిస్టర్ తీయించి చూశాను. ‘పాత మెషిన్, 1, పనికిరాదు’ అని రాసి ఉంది. స్టోర్ కీపర్ పైవాళ్ళు సంతకం పెట్టారన్నాడు, పైవాళ్ళు కమిటీ అన్నారు, కమిటీ ఆడిట్ అభ్యంతరం అంది. తిలాపాపం తలా పిడికెడు. ఒక్కరు కూడా ఇది ఏ విమానానిది అని అడగలేదు. అడగాలన్న నిబంధన ఎక్కడా లేదు.

మనవాళ్ళకు పనితనం లేదని దెప్పడానికి ఇది చెప్పడం లేదు. ఈ విద్యలో మన దేశం చేసిన పని ప్రపంచంలో చాలామంది చేయలేదు. యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వాళ్ళు కాన్పూర్‌లో లిబరేటర్ బాంబర్లను గుట్టలుగా వదిలేశారు, మళ్ళీ ఎగరకుండా చేతనైనంత పాడుచేసి మరీ. 1948లో మనకు భారీ బాంబర్లు కావలసి వచ్చింది, కొనడానికి డబ్బు లేదు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌వాళ్ళు కాన్పూర్ వెళ్ళి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతికి, గాల్లోకి లేచేంత మాత్రం సిద్ధం చేశారు. జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్ వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరుకు ఎగరేసుకెళ్ళాడు. అక్కడ పూర్తిగా బాగుచేశారు. నలభై పైచిలుకు విమానాలు అలా తుక్కులోంచి లేచి వచ్చాయి. 1968 దాకా మన ఎయిర్‌ఫోర్స్ వాటిని నడిపింది. పద్దెనిమిది వేలకు పైగా తయారైన లిబరేటర్లలో ప్రపంచం మొత్తం మీద ఇవాళ మిగిలింది వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. వాటిలో బ్రిటన్‌లో, కెనడాలో, అమెరికాలో ఉన్న కొన్ని మన ఎయిర్‌ఫోర్స్ నడిపినవే. మా సీనియర్లలో ఆ విమానాల మీద పనిచేసినవాళ్ళుండేవారు. కాన్పూర్ తుక్కుకుప్పల ముచ్చట ఎత్తితే భోజనం వేళ కూడా మరిచిపోయేవాళ్ళు. సరదా కోసం బాగుచేసిన స్పిట్‌ఫైర్ కన్నా, అవసరం కోసం బాగుచేసిన ఆ లిబరేటర్ నాకు గొప్పగా కనబడుతుంది. ఢిల్లీ పాలంలో ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఉంది, వీలైతే చూడండి. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క వాపిటి విమానం అక్కడే ఉంది.

ఒక గీత మాత్రం ఎవరూ దాటకూడదు. విమానం కూలిన చోటు చాలాసార్లు సమాధి కూడా. అస్సాం నుంచి చైనాకు హిమాలయాల మీదుగా సరుకులు మోసిన ‘హంప్’ దారిలో వందల విమానాలు కూలాయి. వాటిలో కొన్నిటి దగ్గర మనుషుల ఎముకలు ఇప్పటికీ ఉన్నాయి. అరుణాచల్ నుంచి అమెరికా 2016లో కొన్ని అవశేషాలను గౌరవంగా తీసుకెళ్ళింది. బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాన్ని లైసెన్సు లేకుండా తవ్వడం నేరం. మృతదేహం ఉండే అవకాశముంటే లైసెన్సే ఇవ్వరు. అడవిలో డిటెక్టర్ పట్టుకుని తిరిగే కుర్రాళ్ళకు నేను చెప్పేదొక్కటే. తూటాలు, బాంబు ముక్కలు కనబడితే చేయి వేయకండి, పోలీసులకు చెప్పండి. ఎముక కనబడితే టోపీ తీసి, చోటు గుర్తుపెట్టుకుని వెనక్కి రండి. అక్కడి లోహం ఎంత అరుదైనదైనా సరే, అది మీది కాదు.

మరి మన చట్టం ఏమంటోంది? 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఒక వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం వందేళ్ళు నిండాలి. చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకూ దస్తావేజులకూ 75 ఏళ్ళు చాలు. అంటే 1942లో విశాఖ మీద ఎగిరిన పైలట్ లాగ్‌బుక్ దొరికితే దానికి ఇప్పుడే చట్టం రక్షణ అడగొచ్చు. అతను నడిపిన విమానం దొరికితే 2042 దాకా ఆగాలి. ఈలోగా అది తుక్కే. అల్యూమినియం ఆగుతుందేమో, వేలం కమిటీలు ఆగవు. కాగితానికి ఇచ్చిన పాతికేళ్ళ వెసులుబాటు యుద్ధకాలపు యంత్రాలకూ ఇవ్వడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. చట్టం మార్చడం ఢిల్లీ పని. అది జరిగేదాకా రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యాశాఖలు ఒక్క సర్క్యులర్ ఇవ్వొచ్చు: 1950కి ముందు తయారైన ఏ ఇంజన్‌నైనా, పరికరాన్నైనా కండెమ్ చేసే ముందు దాని నంబరు పలక ఫోటో పురావస్తు శాఖకు పంపి, జవాబు వచ్చాకే వేలం వేయాలని. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి స్టోర్‌రూమ్‌లో ఒక మనిషి జేబులో ఫోన్ ఎలాగూ ఉంటుంది.

ఇళ్ళలో ఉన్నవాళ్ళకూ ఒక మాట. తాతగారు మిలిటరీ నుంచి తెచ్చిన డయల్ ఉందా, అటక మీద అర్థం కాని రేకు ఉందా? కిరీటం బొమ్మ, దాని కింద ఏ.ఎం. అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కనబడితే అది బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ సరుకు. చుట్టుపక్కల అంకెలేమైనా ఉంటే అవే దాని అడ్రసు. తోమకండి, రంగు వేయకండి, చింతపండు అసలే పెట్టకండి. ఎవరు తెచ్చారు, ఎక్కడ నుంచి తెచ్చారు, ఏ సంవత్సరం, మీకు తెలిసినంత ఒక కాగితం మీద రాసి దాంతోపాటు ఉంచండి. పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే అడిగి రాయండి.